550–0: మిషిగన్ జట్టు 1901 సీజన్ అంకెల్ని ఎలా చదవాలి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ రికార్డులు తిరగేసేవాళ్ళకి ఒక చోట తప్పకుండా అనుమానం వస్తుంది, అచ్చు తప్పేమోనని. 1901 సీజన్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టు 11 మ్యాచులు ఆడింది, అన్నీ గెలిచింది. చేసిన పాయింట్లు 550. ఇచ్చినవి సున్నా. జనవరి 1న జరిగే రోజ్ బౌల్ అనే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గరపడినప్పుడల్లా ఈ అంకె బయటికొస్తుంది, దాంతోపాటే పాత తగువూ మొదలవుతుంది. ఇంతటి జట్టు మళ్ళీ పుట్టలేదని కొందరు, పసికూనల మీద పడి చేసిన పరుగులని ఇంకొందరు.

అచ్చు తప్పు లేదు, అంకె సరైనదే. చిక్కంతా దాన్ని ఇప్పటి ఆట కొలతలతో చదవడంలో ఉంది. అప్పటి పాయింటు వేరు, గజం లెక్క వేరు. ఒక మ్యాచ్ ఎన్ని నిమిషాలన్నది కూడా ఖాయంగా ఉండేది కాదు.

ఇది మన ఊళ్ళలో ఫుట్‌బాల్ అని పిలిచే సాకర్ కాదని ముందే చెప్పుకోవాలి. రగ్బీ నుంచి పుట్టిన ఆట. బంతిని చంకలో ఇరికించుకుని అవతలి గీత దాకా పరుగెత్తాలి, ఎదుటివాళ్ళు కాళ్ళూ నడుమూ పట్టి పడేస్తారు. కూతకొచ్చినవాణ్ణి గీత తాకనివ్వకుండా పట్టేయడం చూసినవాళ్ళకి ఇందులో సగం ఆట అర్థమైపోతుంది.

మూడు ప్రయత్నాలు, అయిదు గజాలు

ఇప్పుడు మైదానం 100 గజాలు, రెండు చివర్లా గోల్ గీత వెనకాల పదేసి గజాల జాగాలు, వాటినే ఎండ్ జోన్లంటారు. 1901లో ఎండ్ జోన్లు లేవు, గీత నుంచి గీతకు 110 గజాలు. ఇప్పుడు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్ళాలి. ఒక్కో ప్రయత్నాన్నీ ‘డౌన్’ అంటారు. అప్పుడు మూడు డౌన్లలో 5 గజాలు వెళితే చాలు, మళ్ళీ మూడు డౌన్లు చేతికొస్తాయి.

వినడానికి తేలిగ్గా ఉంది గానీ, బంతిని ముందుకు విసరడం అప్పట్లో నిషిద్ధం. పక్కకో వెనక్కో అందించుకోవచ్చు, అంతే. కాబట్టి కాపలా జట్టుకి వెనకాల చూసుకోవాల్సిన పని తక్కువ, అందరూ ముందు వరసలో గుమిగూడొచ్చు. దాడి జట్టుకి మిగిలిన దారి ఆ గుంపును తోసుకుంటూ రెండు గజాలు, రెండు గజాలుగా జరగడమే. టాకిల్ స్థానంలో ఆడే బరువైన ఆటగాళ్ళని వరస నుంచి వెనక్కి తెచ్చి, వాళ్ళ చేతికే బంతిచ్చి గుద్దించడం కూడా అప్పటి నియమాల ప్రకారం తప్పు కాదు.

అందుకని రెండు జట్ల మధ్య బలంలో కాస్త తేడా ఉన్నా అది స్కోరులో కొండంత అవుతుంది. ఒక్కో డౌన్‌కి సగటున గజం ముప్పావు లాగగలిగితే చాలు, మూడు డౌన్లకి 5 గజాలు దాటిపోతుంది, బంతి చేజారదు. గజమున్నర దగ్గర ఆగిపోయే జట్టు నాలుగున్నర గజాలకే చేతులెత్తేసి బంతిని అవతలికి తన్నేయాలి. రెంటికీ మధ్య తేడా డౌన్‌కి 9 అంగుళాలు. ఒక జట్టుకి మైదానమంతా తెరుచుకుంటుంది, రెండోదానికి ఒక్క అడుగూ దక్కదు.

ఆటగాడికి విశ్రాంతి కూడా లేదు. పదకొండు మందే దాడీ చేయాలి, కాపలా కూడా కాయాలి. ఒకసారి బయటికెళ్ళినవాడు ఆ మ్యాచ్‌లో మళ్ళీ అడుగుపెట్టకూడదు. రెండో సగానికి అలసిపోయిన జట్టు కుప్పకూలడం మామూలే.

21 అంటే మూడు టచ్‌డౌన్లు కాదు

1901లో టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలి గీత దాటించినందుకు, 5 పాయింట్లు, దాని తర్వాత బంతిని గోల్ కర్రల మధ్య నుంచి తన్నితే ఇంకొకటి. ఆట నడుస్తుండగా తన్నిన ఫీల్డ్ గోల్‌కి కూడా 5. సొంత గీత వెనకాల దొరికిపోతే అవతలి జట్టుకి 2, దాన్ని సేఫ్టీ అంటారు. ఫీల్డ్ గోల్ విలువ 1904లో 4కి, 1909లో 3కి పడిపోయింది. టచ్‌డౌన్ 1912లో 6కి పెరిగింది.

ఈ పట్టిక మనసులో లేకుండా పాత స్కోరు చూస్తే పప్పులో కాలేసినట్టే. మిషిగన్ ఆ ఏడాది ఒహాయో స్టేట్ మీద 21–0తో గెలిచింది. ఇప్పటి అలవాటుతో ఏడేసి పాయింట్ల మూడు టచ్‌డౌన్లని లెక్కేస్తాం. అప్పట్లో మూడు టచ్‌డౌన్లకి, మూడు కిక్కులూ పడ్డా, వచ్చేది 18 మాత్రమే. సేఫ్టీలు కలవలేదనుకుంటే 21కి నాలుగు అయిదులూ ఒక ఒకటీ కావాలి. అంటే నాలుగు సార్లు స్కోరు చేసి, కిక్కుల్లో దాదాపు అన్నీ పోగొట్టుకున్నారన్నమాట.

బఫెలో జట్టు మీద చేసిన 128ని కూడా ఇలాగే విప్పొచ్చు. ఒక్కసారి స్కోరు చేస్తే గరిష్ఠంగా 6. 21 సార్లు చేస్తే 126 దగ్గరే ఆగిపోతాం. కనీసం 22 సార్లు గీత దాటి ఉండాలి. పూర్తిగా 70 నిమిషాలు ఆడారనుకున్నా మూడు నిమిషాల 11 సెకండ్లకి ఒకటి చొప్పున.

కిక్కులు ఎందుకు అన్ని పోయేవి

ఇప్పుడు టచ్‌డౌన్ ఎక్కడ పడినా కిక్కు మాత్రం కర్రలకి దాదాపు ఎదురుగానే తంతారు. అప్పట్లో రగ్బీ పద్ధతి. బంతి ఎక్కడ నేలకి ఆనిందో అక్కణ్ణుంచి తిన్నగా వెనక్కి జరిగి, ఆ సూటిలోనే ఎక్కడో ఒక చోట నిలబడి తన్నాలి. మైదానం మూలలో టచ్‌డౌన్ చేస్తే కర్రల మధ్య సందు సన్నని చీలికలా కనిపిస్తుంది.

ఈ తంటా తప్పించుకోవడానికి ‘పంట్ అవుట్’ అనే పద్ధతి ఉండేది. టచ్‌డౌన్ పడిన చోట, గోల్ గీత దగ్గర ఒక ఆటగాడు నిలబడి బంతిని మైదానంలోకి పైకెత్తి తంతాడు. అతని జట్టువాళ్ళు కర్రలకి ఎదురుగా కాచుకుని ఉంటారు. అవతలివాళ్ళు గీత మీద వరసగా నిలబడి, బంతి లేవగానే దూసుకొస్తారు. ఒకడు దాన్ని శుభ్రంగా అందుకుంటే సరే, పట్టుకున్న చోటి నుంచి తిన్నగా కర్రల మీదికి తన్నే హక్కు వస్తుంది. వేళ్ళ సందుల్లోంచి జారిందా, ఆ పాయింటు పోయినట్టే. గాలి, తడి బంతి, మీద పడే మనుషులు అన్నీ దీన్ని చెడగొట్టేవే. ఒక్క పాయింటు కోసం ఇంత తతంగం 1920 దాకా నియమాల్లో నడిచిందంటే ఆశ్చర్యమే.

స్కోరు చేసినవాళ్ళకే మళ్ళీ బంతి

550లో ఎక్కువ భాగాన్ని విప్పి చెప్పే నియమం ఇదీ. ఇప్పుడు ఒక జట్టు స్కోరు చేస్తే అదే బంతిని తన్ని అవతలి జట్టుకిస్తుంది. ఆ రోజుల్లో తిరగబడి ఉండేది. పాయింట్లు పోగొట్టుకున్న జట్టే మధ్య నుంచి తన్నాలి, స్కోరు చేసిన జట్టు అందుకుంటుంది. మైదానంలో దూరం దక్కుతుంది కదా అని దాన్ని ఊరటగా చూసేవారు.

సమ ఉజ్జీల మధ్య దీనివల్ల పెద్ద తేడా రాదు. బలాల్లో తేడా ఉన్నప్పుడు మాత్రం ఇది కోత మిషనే. మిషిగన్ స్కోరు చేస్తుంది, బఫెలో తన్నుతుంది, మిషిగన్ అందుకుని మళ్ళీ స్కోరు చేస్తుంది. బఫెలో చేతికి బంతి రావాలంటే మిషిగన్ జారవిడవాలి, లేదా మూడు డౌన్లలో ఆగిపోవాలి.

దీని రెండో కొసని చాలామంది పట్టించుకోరు. బంతే దొరకని జట్టు పాయింట్లెలా చేస్తుంది? 550 ఉబ్బడానికి కారణమైన నియమమే పక్కనున్న సున్నాని కూడా కొంత కాపాడింది.

అయినా నా లెక్కలో ఆ సున్నాయే గట్టిది. అప్పట్లో ఫీల్డ్ గోల్‌కి టచ్‌డౌన్‌తో సమానంగా 5 పాయింట్లని చెప్పుకున్నాం కదా. బలహీనమైన జట్టుకి అదే దొడ్డిదారి. గీత దాటనక్కర్లేదు, ముప్పై అయిదు గజాల దూరానికి ఎలాగో చేరి, బంతిని నేల మీద పడేసి లేస్తుండగా తన్నే డ్రాప్ కిక్ ఒక్కటి సరిగ్గా పడితే చాలు. 11 మ్యాచుల్లో ఎవరికీ అది కూడా దక్కలేదు.

‘నిమిషానికో పాయింటు’ బిరుదు ఎంతవరకు నిజం

కోచ్ ఫీల్డింగ్ యోస్ట్ నడిపిన 1901–1905 జట్లకి ‘నిమిషానికో పాయింటు’ జట్లని పేరు. ఆ అయిదేళ్ళలో వరసగా 550, 644, 565, 567, 495 పాయింట్లు చేశాయి, మొత్తం 2,821. ఎదుటివాళ్ళకి ఇచ్చినవి 42. మ్యాచులు 57, అంటే మ్యాచ్‌కి 49 పైచిలుకు. 1901 ఒక్కదాన్నే తీసుకుంటే సరిగ్గా 50.

నియమాల ప్రకారం మ్యాచ్ రెండు 35 నిమిషాల సగాలు, కలిపి 70 నిమిషాలు. ఆ లెక్కన బిరుదు నిలబడాలంటే సగటు 70 ఉండాలి. అయితే ఆట మొదలవకముందే రెండు జట్లూ మాట్లాడుకుని సగాలని కుదించుకోవడం అప్పట్లో మామూలు, చిన్న కాలేజీలతో ఆడే సీజన్ ఆరంభంలో మరీను. మధ్యలో చేతులెత్తేసి ముందే ముగించుకోవడమూ ఉండేది. మ్యాచ్ సగటున 50 నిమిషాలే నడిచి ఉంటే బిరుదు అక్షరాలా నిజం. పూర్తి నిడివి మ్యాచుల్లో మాత్రం నిలవదు. పత్రికల వాళ్ళు పెట్టిన పేరు అనుకుని వదిలేయడం మంచిది.

ఎవరితో ఆడారు, ఎవరితో ఆడలేదు

సెప్టెంబరు 28న ఆల్బియన్ మీద 50–0తో మొదలైంది. తర్వాత కేస్ మీద 57, ఇండియానా మీద 33, నార్త్‌వెస్టర్న్ మీద 29, బఫెలో మీద 128. నవంబరులో కార్లైల్ మీద 22, ఒహాయో స్టేట్ మీద 21, షికాగో మీద 22, బెలాయిట్ మీద 89, అయోవా మీద 50. ఇక్కడికి 501. మిగతా 49 కాలిఫోర్నియాలోని పాసడీనాలో, స్టాన్‌ఫర్డ్ మీద.

ఈ వరసలోనే తగువులో రెండు పక్షాలకీ ఆధారాలున్నాయి. ఆల్బియన్, బెలాయిట్ చిన్న కాలేజీలు, వాటి మీద చేసిన 139ని ఎవరూ గొప్పగా చెప్పుకోనక్కర్లేదు. 11లో 7 మ్యాచులు సొంత ఊరు ఆన్ ఆర్బర్‌లోనే జరిగాయి. కాస్త గట్టి జట్లు ఎదురైనప్పుడు స్కోరు ఇరవైల్లోకి దిగిపోయింది. కార్లైల్ జట్టు అమెరికా ఆదివాసీ విద్యార్థులది, దాని కోచ్ పాప్ వార్నర్.

అలాగని బఫెలోని గడ్డిబొమ్మ అనడానికి లేదు. అదే సీజన్‌లో ఆ జట్టు న్యూయార్క్‌లోని కొలంబియాని 5–0తో ఓడించింది. తూర్పు తీరం ఆటే ఆట అని నమ్మే రోజులవి. అలాంటి చోట గెలిచి వచ్చిన జట్టు మీద 128 అంటే పత్రికల వాళ్ళకి వార్త కాక ఏమవుతుంది?

మరి దేశంలో అందరికన్నా మిన్న మిషిగనేనా? ఇక్కడే లెక్క తెగదు. హార్వర్డ్ కూడా ఆ ఏడాది ఓటమి లేకుండా 12 మ్యాచులు గెలిచింది. మిషిగన్ హార్వర్డ్‌తో ఆడలేదు, యేల్‌తో, ప్రిన్స్‌టన్‌తోనూ ఆడలేదు. అంతదాకా ఎందుకు, తను సభ్యురాలైన వెస్టర్న్ కాన్ఫరెన్స్ అనే కాలేజీల కూటమిలోనే విస్కాన్సిన్ 9కి 9 గెలిచింది. దాంతోనూ ఆడలేదు, కాన్ఫరెన్స్ టైటిల్ ఇద్దరూ పంచుకున్నారు. మరుసటి ఏడాది ఇద్దరూ షికాగోలో తలపడితే మిషిగన్ నెగ్గింది. స్కోరు 6–0, ఒక టచ్‌డౌన్, ఒక కిక్కు.

జాతీయ ఛాంపియన్‌ని తేల్చే యంత్రాంగమే అప్పట్లో లేదు. పత్రికల పోల్ 1936లో గానీ స్థిరపడలేదు. ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే ‘1901 జాతీయ ఛాంపియన్’ అన్న బిరుదులు ఎన్నో ఏళ్ళ తర్వాత పాత రికార్డులు ముందేసుకుని కొన్ని సంస్థలు ఇచ్చినవి. వాటిలో కొన్ని మిషిగన్ అంటే, హార్వర్డ్ అన్నవీ ఉన్నాయి. ఆ కాలంలో మాటకి విలువున్నవాడు యేల్‌కి చెందిన వాల్టర్ క్యాంప్. ఆయన దేశమంతటి మేటి ఆటగాళ్ళని ఏరి 1901లో ప్రకటించిన అఖిల అమెరికా మొదటి జట్టులో అందరూ తూర్పు కాలేజీల వాళ్ళే. 550–0 చేసిన జట్టు నుంచి ఒక్కరికీ చోటు లేదు.

విద్యార్థి అంటే ఎవరు

యోస్ట్‌కి మిషిగన్‌లో అది మొదటి సీజన్. 1900లో ఆయన కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌కి కోచ్. కోచ్‌గా తమ పూర్వ విద్యార్థే ఉండాలని స్టాన్‌ఫర్డ్ నియమం పెట్టుకోవడంతో వేరే ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. ‘హర్రీ అప్’ ఆయన మారుపేరు. ఒక డౌన్ ముగిసీ ముగియకముందే తన జట్టు లేచి వరసకట్టాలి, ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకునేలోగా బంతి కదిలిపోవాలి. మనుషుల్ని మార్చే వీలులేని ఆటలో ఈ వేగమే ఆయుధం.

వెనక నుంచి బంతి పట్టుకుని పరుగెత్తే హాఫ్‌బ్యాక్ స్థానంలో ఆడిన విల్లీ హెస్టన్ కూడా పడమటి తీరం నుంచే వచ్చాడు. శాన్ హోసేలో ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో అప్పటికే చదువు, ఆట రెండూ ముగించాడు. తర్వాత యోస్ట్ వెనకాలే మిషిగన్ చేరి లా చదువుతూ 1901 నుంచి 1904 దాకా నాలుగు సీజన్లు ఆడాడు. ఇవాళైతే అర్హత దగ్గరే పెద్ద పంచాయితీ. అప్పట్లో దేశమంతటికీ వర్తించే అర్హత నియమాలే లేవు. యోస్ట్ సంగతే చూడండి. 1896లో వెస్ట్ వర్జీనియాలో చదువుతూ, పెన్సిల్వేనియాతో జరిగే పెద్ద మ్యాచ్ కోసం లఫాయెట్ జట్టులో చేరి, గెలిచాక వెనక్కి వచ్చేశాడు. మిషిగన్ ఒక్కటే గీత దాటిందనడం అన్యాయం. అసలు గీతే లేదు.

1902లో ఆడినా 1901 ఖాతాలోకే

సీజన్లో ఆఖరి మ్యాచ్ 1902 జనవరి 1న, పాసడీనాలోని టోర్నమెంట్ పార్క్‌లో. ఎదుట ఉన్నది స్టాన్‌ఫర్డే. కాలేజీ సీజన్ శరదృతువులో మొదలై కొత్త సంవత్సరం దాటుతుంది కాబట్టి తేదీ 1902దైనా లెక్క 1901దే. ఇంకో తిరకాసు, దీన్ని ‘మొదటి రోజ్ బౌల్’ అంటారు గానీ ఆ పేరు 1920ల్లో కట్టిన స్టేడియంతో వచ్చింది. అప్పుడది తూర్పు–పడమర పోటీ మాత్రమే.

స్కోరు 49–0. అలాగే వెనక నుంచి బంతి పట్టుకుని దూసుకెళ్ళే ఫుల్‌బ్యాక్ నీల్ స్నో ఒక్కడే అయిదు టచ్‌డౌన్లు చేశాడు. మొత్తం ఎనిమిది టచ్‌డౌన్లకి 40, నాలుగు కిక్కులకి 4, ఒక ఫీల్డ్ గోల్‌కి 5. ఇవే ఇప్పటి విలువల్లో వేస్తే 48, 4, 3 కలిసి 55. ఎనిమిది కిక్కుల్లో నాలుగే పడ్డాయని కూడా చూడండి.

మిషిగన్ ఒక్క ఆటగాణ్ణి కూడా మార్చకుండా మొదలెట్టిన పదకొండు మందితోనే ముగించింది. స్టాన్‌ఫర్డ్‌లో గాయపడినవాళ్ళు పెరిగిపోయి, ఎనిమిది నిమిషాలు మిగిలుండగా కెప్టెన్ రాల్ఫ్ ఫిషర్ ఆపేద్దామని అడిగాడు, మిషిగన్ కెప్టెన్ హ్యూ వైట్ ఒప్పుకున్నాడు. 70లో 8 తీసేస్తే 62 నిమిషాలు. 49 పాయింట్లంటే నిమిషానికి 0.79. అంత పేరుమోసిన మ్యాచ్‌లోనే బిరుదు కాస్త తగ్గింది.

స్టాన్‌ఫర్డ్ పడమటి తీరంలో తిరుగులేని జట్టేమీ కాదు, కాలిఫోర్నియా చేతిలో అదే సీజన్‌లో 2–0తో ఓడింది. ఇంత ఏకపక్షంగా సాగడంతో పాసడీనా నిర్వాహకులు ఫుట్‌బాల్‌ని పక్కనపెట్టారు. 1916 దాకా మళ్ళీ ముట్టుకోలేదు. మధ్యలో రోమన్ రథాల పందేలు నడిపారు.

ఆ ఆట ఎలా ముగిసింది

గుంపుగా గుద్దుకునే ఆటకి మూల్యం ప్రాణాలతో కట్టాల్సి వచ్చింది. 1905లో 18 మంది చనిపోయారని పత్రికలు లెక్క రాశాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధుల్ని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. 1906లో నియమాలు తిరగరాశారు: మూడు డౌన్లలో 10 గజాలు, ఆట 60 నిమిషాలు, రెండు వరసల మధ్య ఖాళీ జాగా, బంతిని ముందుకు విసిరే అనుమతి. గజమున్నర, గజం ముప్పావు లెక్కలకి అక్కడితో నూకలు చెల్లాయి. అదే ఏడాది మిషిగన్ అధ్యక్షుడు జేమ్స్ ఏంజెల్ చొరవతో కాన్ఫరెన్స్ కాలేజీలు సమావేశమై ఆటగాడికి మూడేళ్ళే అర్హత, మొదటి ఏడాది విద్యార్థులకి నిషేధం అని తీర్మానించాయి. ఆ నియమాలతో పడక మిషిగనే కొన్నాళ్ళకి కాన్ఫరెన్స్ వదిలి వెళ్ళిపోయి, 1917లో తిరిగొచ్చింది.

యోస్ట్ జట్ల పరంపర అంతకుముందే తెగింది. 56 మ్యాచులు ఓటమి ఎరగకుండా వచ్చిన మిషిగన్, 1905 నవంబరు 30న షికాగోలో ఆడింది. రెండో సగం చివర్లో షికాగో తన్నిన బంతి మిషిగన్ గీత వెనక్కి వచ్చింది. అందుకున్న ఆటగాడు అక్కడే నేలకి ఆనించి ఉంటే టచ్‌బ్యాక్, ఎవరికీ పాయింట్లు రావు. అతను బయటికి పరుగెత్తబోయాడు, షికాగో వాళ్ళు పట్టి గీత వెనక్కి నెట్టేశారు. అది సేఫ్టీ. స్కోరు 2–0. ఆ సీజన్ మొత్తంలో మిషిగన్ చేసినవి 495, ఇచ్చినవి ఆ రెండే.